మూడో దొంగతనం

సరోజ ఏం ఉద్యోగం చేస్తుందో ఆ అమెరికా ఊళ్ళో తెలుగువాళ్ళలో చాలామందికి సరిగ్గా తెలియదు. తలో వంటా తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లలో ఎవరైనా అడిగితే "స్టేట్ గవర్నమెంట్‌లో స్టాటిస్టిక్స్" అనేది. "అయితే బెనిఫిట్స్ బావుంటాయి" అనేవాళ్ళు. అక్కడితో ఆ మాట అయిపోయేది.

రాష్ట్ర శాసనసభకు లెక్కలు కట్టి ఇవ్వడం ఆమె పని. ఏ సెనేటరైనా ఒక బిల్లు తెస్తే, అది చట్టమైతే ఎంతమంది మీద పడుతుంది, జైళ్ళలో ఇంకెన్ని మంచాలు వేయాలి, ఖర్చెంత అని ముందే అంచనా వేసి చెప్పే ఆఫీసు ఒకటి కేపిటల్ భవనం బేస్‌మెంట్‌లో ఉండేది. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివిన సరోజ, మూర్తిని పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చాక, పిల్లలిద్దరూ బడిలో చేరేదాకా ఆగి ఆ ఆఫీసులో చేరింది. అంకెలంటే ఇష్టం. ఉన్నదున్నట్టు చెబితే వినేవాళ్ళు వింటారని అప్పట్లో గట్టి నమ్మకం కూడా ఉండేది.

డెబ్భై తొమ్మిది చలికాలంలో విట్లాక్ అనే సెనేటరు ఆమెను పైకి పిలిపించాడు. మొక్కజొన్న పొలాల జిల్లా నుంచి వచ్చిన మనిషి. పొడుగరి. ఎవరితో మాట్లాడినా భుజాలు వంచి మాట్లాడేవాడు.

"మిసెస్ మూర్తీ, మన రాష్ట్రంలో వంద డాలర్లు దాటిన దొంగతనం ఫెలనీ. ఆ వంద ఎప్పుడు పెట్టారో కాస్త చూసి చెప్తారా?"

చూసింది. తను వాల్తేరులో పలక పట్టుకుని బడికి పోతున్న రోజుల నాటి చట్టం అది. ఆ రోజుల్లో వంద డాలర్లకు మంచి కుట్టుమిషను వచ్చేది. ఇప్పుడు ఒక చలికోటూ, ఒక జత బూట్లూ. ధరలు కొండెక్కాయి, వంద మాత్రం వందలాగే కూర్చుంది. వందలోపు దొంగతనమైతే జరిమానాతోనో, కౌంటీ జైల్లో కొద్దికాలంతోనో సరిపోతుంది. దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం; రాష్ట్ర జైలు, ఏళ్ళ తరబడి. బయటికి వచ్చాక ఓటుండదు, లైసెన్సులుండవు, ఉద్యోగమిచ్చేవాడుండడు. నిన్న చిన్న దొంగతనమైనది ఇవాళ ధర పెరిగినంత మాత్రాన పెద్ద దొంగతనమైపోతోంది.

విట్లాక్ ఆ హద్దును ఐదు వందలకు పెంచాలనుకున్నాడు. ఎవరెవరు ఈ వంద దగ్గర చిక్కుకుని జైల్లో ఉన్నారో చూసి రమ్మని సరోజను పంపాడు.

ఆడవాళ్ళ జైలు ఊరికి దూరంగా, మంచు కప్పిన చేలమధ్య ఉంది. అక్కడ మాట్లాడినవాళ్ళలో లొరెట్టా అనే ఆమె సరోజ మనసులో ఉండిపోయింది. ఆసుపత్రిలో నర్స్ ఎయిడ్‌గా చేసేది. ఇద్దరు పిల్లలకు చలి జాకెట్లు కోటు కింద పెట్టుకుని డిపార్ట్‌మెంట్ స్టోరు తలుపు దగ్గర దొరికిపోయింది. రెండిటి టాగ్‌లూ కలిపితే వంద దాటింది.

"ఎంత దాటింది?" అని అడిగింది సరోజ.

"మూడు డాలర్లు" అంది లొరెట్టా. "ఆ తర్వాతి వారమే అవే జాకెట్లు సేల్‌లో పెట్టారట. మా లాయరు జడ్జికి చెప్పాడు. తీసిన రోజు టాగ్ మీద ఎంతుంటే అంతే అన్నాడు జడ్జి." కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "నేను చేసింది తప్పే. కాదనడం లేదు. కానీ ఇంక నన్ను ఏ ఆసుపత్రీ గుమ్మం తొక్కనివ్వదు. ఈ చట్టం మారుస్తామంటున్నావు కదా, మారితే నాకు చెప్తావా?"

"చెప్తాను" అని ఆఫీసు ఫోన్ నంబరు ఇచ్చింది సరోజ. ఇవ్వకూడదని అప్పటికి ఆమెకు తెలియదు.

కమిటీ ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు ఆమె ఇంగ్లీషు తడబడలేదు. లెక్కలన్నీ వివరంగా చెప్పింది. ఛైర్మన్ చిరునవ్వుతో విన్నాడు. "చాలా ఉపయోగకరంగా ఉంది, మేడమ్. వచ్చే సెషన్‌లో చూద్దాం" అన్నాడు. సరోజ కాగితాలు సర్దుకుని థాంక్యూ చెప్పి లేచింది.

వచ్చే సెషన్‌లో ఎన్నికలొచ్చాయి. దొంగల మీద జాలి చూపించాడని పేరు తెచ్చుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఆ పై ఏడు పోలీసు పెద్దలైన షెరిఫ్‌ల సంఘం అడ్డుపడింది. ఆ పై ఏడు బిల్లు ఓటు దాకానే రాలేదు. ప్రతిసారీ సరోజ కొత్త ధరలతో లెక్కలు మళ్ళీ కట్టేది, ప్రతిసారీ ఛైర్మన్ చిరునవ్వు నవ్వేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలిసొచ్చింది. ఈలోగా లొరెట్టా జైలునుంచి బయటికొచ్చి మోటెల్ గదులు ఊడ్చే పనిలో చేరింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఏమైనా మారిందా?" అనేది. "ఇంకా లేదు" అని చెప్పి ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ, తనే ఏదో ఎగ్గొట్టినట్టు సరోజకు తల కొట్టేసినట్టుండేది.

"ఉద్యోగం ఉద్యోగంలా చెయ్యి సరోజా. లెక్క చెప్పడం నీ పని, ఓటెయ్యడం వాళ్ళ పని" అనేవాడు వంతెనల ఇంజనీరైన మూర్తి.

"మీరు వంతెన డిజైన్ చేసి ఇస్తే, అది కట్టకుండా వదిలేసి జనాన్ని ఏట్లో నడిపిస్తే మీకెలా ఉంటుంది?" అనేది ఆమె.

ఆ రోజుల్లోనే నళిని కొట్టు పెట్టింది. హనుమకొండ అమ్మాయి. ఆమె భర్త రాధాకృష్ణను టైర్ల ఫ్యాక్టరీలో లేఆఫ్ చేస్తే, ఉన్నదంతా ఊడ్చి, డబ్బులేసి బట్టలు ఉతుక్కునే లాండ్రోమాట్ పక్కన ఖాళీగా ఉన్న చిన్న షాపు అద్దెకు తీసుకున్నారు. అప్పటిదాకా కందిపప్పు కావాలంటే షికాగో డ్రైవ్ చేయాల్సిందే. నళిని పుణ్యమా అని గోంగూర పచ్చడి, సోనామసూరి, అద్దెకు వీడియో క్యాసెట్లు అన్నీ ఊళ్ళోకే వచ్చాయి. సరోజ శనివారాలు ఆ కొట్లో కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని నళినితో కబుర్లు చెబుతూ బియ్యం సంచుల మీద ధరల స్టిక్కర్లు అంటించేది. అంత స్నేహం.

కొట్టు నిలదొక్కుకుంటున్న సమయంలో దొంగల బెడద మొదలైంది. ఒకసారి వెనక తలుపు పగలగొట్టి క్యాసెట్లు ఎత్తుకుపోయారు. ఇంకోసారి అదే తలుపు ఊడగొట్టి కౌంటరు మీది క్యాష్ డబ్బానే పట్టుకుపోయారు. చిల్లర దొంగతనాలకైతే లెక్కే లేదు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళేవాళ్ళు, అంతే.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఒక శనివారం నళిని స్టిక్కర్లు పక్కన పెట్టి, "సరోజా, నీకో మాట చెప్పాలె" అంది. "మర్చంట్స్ అసోసియేషన్ వాళ్ళు వచ్చిన్రు. నీ బిల్లు హియరింగ్‌ల నన్ను మాట్లాడమంటున్నరు. వద్దని మాట్లాడమంటున్నరు."

సరోజకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "నువ్వేమన్నావు?"

"సరే అన్న."

"నళినీ, అందులో ఏముందో తెలుసా నీకు? ఎంతమంది..."

"తెలుసు. ఏడాదికోసారి నువ్వు చెప్తనే ఉన్నవు గదా. నీ లెక్కలల్ల జైల్లున్నోళ్ళందరు ఉన్నరు. నేనెక్కడున్న? నా తలుపు రెండుసార్లు పలగ్గొట్టిన్రు. ఈ కొట్టు మునిగితే మేమెటు పోవాలె? ఐదు వందల దాంక చిన్న దొంగతనమే అంటే, ఒచ్చి ఎత్తుకపోండ్రి అన్నట్టే గదా!"

"తలుపు పగలగొట్టడం వేరే నేరం నళినీ. దానికీ ఈ బిల్లుకీ సంబంధం లేదు. అది ఎప్పుడూ ఫెలనీయే."

"అవన్ని నాకు తెల్వదు."

సరోజకు ఒళ్ళు మండింది. "సరే. పోయిన నెల కుంకుమపువ్వు డబ్బాలు డయపర్ బ్యాగులో వేసుకుని పోయిందే డాక్టరుగారి భార్య, ఆవిడ పేరు పోలీసులకిచ్చావా?"

నళిని ముఖం ఎర్రబడింది. "మనోళ్ళను ఎట్ల ఇస్తమే?"

"జైల్లో ఉన్నవాళ్ళూ ఎవరికో మనవాళ్ళే కదా!"

ఆ మాట మీద సరోజ కోటు తీసుకుని వచ్చేసింది. ఆ తర్వాత శనివారాలు ఆ కొట్టుకు వెళ్ళలేదు.

హియరింగ్ రోజున నళిని గద్వాల చీర మీద ఊలు కోటు వేసుకుని వచ్చి, కమిటీ ముందు కూర్చుంది. వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పింది. ఉద్యోగం పోవడం, కొట్టు పెట్టడం, పొద్దున్నే వచ్చేసరికి తలుపు ఊడి మంచులో పడి ఉండటం. కమిటీలో కొత్తగా చేరిన రేనర్ అనే యువ సెనేటరు ముందుకు వంగి, కళ్ళార్పకుండా విన్నాడు. సరోజ ఇన్నేళ్ళుగా తెచ్చిన అంకెలకు ఎప్పుడూ దొరకని నిశ్శబ్దం ఆ గదిలో నళినికి దొరికింది. నళిని చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. అదే సరోజను ఎక్కువ బాధపెట్టింది. బిల్లు ఓడిపోయింది.

వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. "కోపమా?" అంది నళిని. "పనుంది" అని మెట్లు దిగిపోయింది సరోజ. ఆ ఉగాదికి తెలుగువాళ్ళంతా చేరిన హైస్కూలు కెఫెటీరియాలో ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు.

చివరికి ఎనభై ఐదులో బిల్లు కదిలింది. కదలడమేమిటి, పరుగెత్తింది. కారణమేమిటా అని సరోజ తెప్పించుకుని చదివింది. వందను ఐదు వందలు చేశారు, నిజమే. దాని కింద రేనర్ ఒక సవరణ చేర్చాడు. అంతకుముందు రెండుసార్లు ఏ దొంగతనంలోనైనా శిక్షపడి ఉంటే, మూడోసారి తీసింది ఎంత చిన్నదైనా సరే, ఫెలనీయే. పైగా శిక్ష మునుపటికన్నా ఎక్కువ.

కూర్చుని లెక్క కట్టింది. ఎన్నిసార్లు కట్టినా అదే వచ్చింది. విట్లాక్ గదికి వెళ్ళింది.

"సర్, దీనివల్ల జైలు తప్పేవాళ్ళకంటే కొత్తగా లోపలికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఆకలికి చిన్నా చితకా తీసేవాళ్ళే పదేపదే దొరుకుతారు. వాళ్ళ కోసమే కదా మనం మొదలుపెట్టింది."

విట్లాక్ కిటికీలోంచి చూస్తూ, "ఆ సవరణ లేకపోతే ఓట్లు లేవు మిసెస్ మూర్తీ. నేను వచ్చే ఏడు రిటైరవుతున్నాను. ఈ వందను మార్చి వెళ్ళాలని నాకుంది" అన్నాడు.

"వంద మారుతుంది సర్. మనుషులకు జరిగేది మారదు. ఇంకా అధ్వాన్నమవుతుంది."

"మీ అంచనా నివేదికలో ఉంది కదా. అందరూ చదువుతారు."

ముల్లు తీయమంటే కొర్రు దింపారు అనుకుంది సరోజ. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచలేదు. నివేదిక ఎవరూ చదవలేదు. బిల్లు రెండు సభల్లోనూ గెలిచింది. గవర్నరు సంతకం చేసేటప్పుడు ఫొటోకి రమ్మని విట్లాక్ కబురు పంపితే, జలుబని చెప్పి బేస్‌మెంట్‌లోనే ఉండిపోయింది.

మాట ఇచ్చింది కనుక లొరెట్టాకు తనే ఫోన్ చేసింది. "చట్టం మారింది" అని చెప్పి, ఆమె సంతోషపడేలోపే మిగతాది కూడా చెప్పింది. జులై నుంచి జరిగే దొంగతనాలకే కొత్త హద్దు, పాత శిక్షలు పాతవే. మీ రికార్డు అలాగే ఉంటుంది. గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవచ్చు కానీ...



"అయితే నాకెందుకు ఫోన్ చేశావు?" అని పెట్టేసింది లొరెట్టా. మళ్ళీ ఎన్నడూ ఆమె నుంచి ఫోన్ రాలేదు.

ఆ మరుసటి జనవరిలో ఒక ఆదివారం పొద్దున సరోజ దోసెలు పోస్తుంటే డోర్‌బెల్ మోగింది. నళిని. బూట్లకు మంచు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత ఆ ఇంటి గుమ్మంలోకి రావడం.

"గస్ యాదికున్నడా?" అంది, కూర్చోకుండానే.

గస్ సరోజకు తెలుసు. వియత్నాం నుంచి వచ్చాక ఎక్కడా కుదురుకోని మనిషి. చలికాలమంతా లాండ్రోమాట్‌లో డ్రైయర్ల పక్కన వెచ్చగా కూర్చునేవాడు. నళిని కొట్లో అట్టపెట్టెలు విప్పి చదును చేసిపెడితే, నళిని టీ ఇచ్చి, సమోసాలిచ్చేది.

"జీడిపప్పు పాకెట్టు కోట్ల పెట్టుకున్నడు. మాంగో జ్యూస్ డబ్బా ఒకటి. ఆ రోజు నా తల బాగలేదు సరోజా, పొద్దటిసంది ఒకటే లొల్లి. అడిగితే ఇయ్యనా అని కోపమొచ్చింది. పోలీసులను పిలిచిన. ఒక రాత్రి లోపల కూసోబెట్టి భయం చెప్తరనుకున్న." స్కార్ఫు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "ఎప్పుడో బీరు తీసిండట, ఎప్పుడో కారు బ్యాటరీ తీసిండట. ఇది మూడోదట. ఫెలనీ అంటున్నరు. జీడిపప్పుకు ఫెలనీ ఏందే?"

పెనం మీద దోసె మాడిపోతోంది. సరోజ స్టవ్ ఆపింది. నోటిదాకా ఎన్ని మాటలు వచ్చాయో ఆమెకే తెలియాలి. మూడేళ్ళుగా దాచుకున్న మాటలవి. నళిని ముఖం చూసి వాటిని మింగేసింది. మింగడం తేలిక కాలేదు.

"కూర్చో. టీ పెడతాను. రేపు ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్దాం."

వెళ్ళారు. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటానంది నళిని. తనకు నష్టమేమీ లేదంది. ఆ జీడిపప్పు తనే ఇచ్చాననుకోండి అంది. అసిస్టెంట్ ప్రాసిక్యూటర్ ఓపికగా తల ఊపాడు.

"కేసు మీది కాదు మేడమ్, రాష్ట్రానిది. మీరు సాక్షి మాత్రమే. ఇచ్చానని ఇప్పుడు చెబితే అబద్ధపు సాక్ష్యం అవుతుంది."

"మీరు అనుకుంటే చిన్న కేసుగా పెట్టలేరా?" అంది సరోజ.

"పెట్టగలను. కానీ ఇలాంటివాటిని వదలొద్దని మా బాస్ చెప్పారు. ఈ ఏడాది ఆయన మళ్ళీ ఓట్లడిగి ఈ పదవికి గెలవాలి."

కోర్టులో నళిని బోనెక్కింది. గస్ తలెత్తి ఆమెవైపు చూడలేదు. గడ్డం గీసి, ఎవరిదో వదులు కోటు తొడిగారు అతనికి. జరిగింది చెప్పమన్నారు, చెప్పింది. చెప్పడం అయ్యాక, అడగకుండానే జడ్జివైపు తిరిగి, "యువర్ ఆనర్, రెండూ కలిపితే ఐదు డాలర్లు కూడా లేవు" అంది.

జడ్జి కళ్ళజోడు సవరించుకున్నాడు. పెద్దాయన. గొంతులో కాఠిన్యమేమీ లేదు. "ఈ కేసులో విలువతో పని లేదు మేడమ్" అన్నాడు.

వెనక బెంచీలో కూర్చున్న సరోజ ఒళ్ళో చేతులు గట్టిగా బిగించుకుంది. వంద ఉండాలా, ఐదు వందలుండాలా అని ఇన్నేళ్ళు ఎవరితో కొట్లాడింది తను? ఎన్ని చలికాలాలు, ఎన్ని లెక్కలు! ఇప్పుడు విలువతోనే పని లేదట. లేచి ఆ గదిలో గట్టిగా అరవాలనిపించింది. జీవితంలో ఎక్కడా అరిచిన మనిషి కాదు. అరవలేదు. గస్‌కు రెండేళ్ళు వేశారు.

కారెక్కాక నళిని సీటుబెల్టు కూడా పెట్టుకోలేదు. "ఆ సవరణ రాసినోడెవడు?" అంది.

"రేనర్. మీ కొట్టున్న డిస్ట్రిక్ట్ ఆయనదే."

"అయితే నేను ఓటరునే గదా. నడువు, ఆయన దగ్గరికే పోదాం."

అపాయింట్‌మెంట్ దొరికేసరికి మంచు కరిగిపోయింది. లాబీలో చాలాసేపు కూర్చోబెట్టి లోపలికి పంపారు. రేనర్ నళినిని చూడగానే లేచి ఎదురొచ్చాడు. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు! ఆ రోజు మీరు చెప్పింది నేనింకా మర్చిపోలేదు. నిజం చెప్పాలంటే ఈ చట్టం మీ వల్లే వచ్చింది. కొట్టు ఎలా నడుస్తోంది?"

నళిని ముఖంలో రంగు పోయింది. పొద్దున్నుంచీ కారులో వల్లెవేసుకున్న ఇంగ్లీషు మాటలు ఒక్కటీ రాలేదు. కాసేపటికి కూడదీసుకుని గస్ గురించి చెప్పింది. డ్రైయర్ల పక్కన కూర్చోవడం, అట్టపెట్టెలు, జీడిపప్పు. ఆమె మాట తడబడిన చోట సరోజ అందుకుని, చట్టం వచ్చాక ఇప్పటిదాకా ఎంతమంది అలా వెళ్ళారో, వాళ్ళు తీసినవేమిటో చెప్పింది. సబ్బులు, బ్యాటరీలు, పిల్లల మందులు.

రేనర్ విచారంగా తలాడించాడు. "ప్రతి చట్టంలోనూ ఒకటి రెండు ఇలాంటివి ఉంటాయి. అంతమాత్రాన మీలాంటి కష్టజీవులను గాలికి వదిలేయలేం కదా. వచ్చే సెషన్‌లో తప్పకుండా చూద్దాం." చేతి గడియారం చూసుకున్నాడు. "థాంక్యూ సో మచ్."

గుమ్మం దగ్గర అతని సహాయకురాలు తలుపు తెరిచి పట్టుకుంది.

నళిని లేవలేదు. "ఐ యామ్ నాట్ ఫినిష్డ్" అంది.

ఇన్నేళ్ళూ థాంక్యూ వినగానే కాగితాలు సర్దుకుని లేచిన సరోజ కూడా ఈసారి లేవలేదు. ఒళ్ళోని ఫైలు తీసి ఆయన బల్ల మీద, ఆయన ఫోనుకు అడ్డంగా పెట్టింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం వచ్చింది. వచ్చినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇది అప్పుడు మీరెవరూ చదవని నివేదిక సర్. చదవండి. మేము కూర్చుంటాం."

రేనర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చిరునవ్వు కాసేపు అలాగే నిలబెట్టుకున్నాడు. తర్వాత కోటు గుండీ పెట్టుకుని, తనకు ఇంకో మీటింగ్ ఉందని చెప్పి, వాళ్ళిద్దరినీ గదిలో వదిలేసి తనే వెళ్ళిపోయాడు.